మెమరీ కేటాయింపులో చిక్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మెమరీ గురించి నన్ను అడిగే ప్రశ్నలు ఏళ్లు గడిచినా మారడం లేదు. టీములో కొత్తగా చేరినవాళ్లు అడిగేవి, సర్వర్ పడిపోయిన రాత్రి ఫోన్ చేసి టెన్షన్‌గా అడిగేవి దాదాపు అవే. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. దేన్నైనా విడిగా చదువుకోవచ్చు, మిగతావి చదవకపోయినా అర్థమవుతుంది. వేరేగా చెప్పనంతవరకు ఇదంతా 64 బిట్ లినక్స్, సి భాష, జీలిబ్‌సి లైబ్రరీ గురించి.

ఈ సందేహాల్లో సగానికి పైగా ఒకే అపోహ నుంచి పుడతాయి. సి భాషలో మెమరీ అడిగే ఫంక్షన్ మాలాక్ మనకు మెమరీ ఇస్తుందని అనుకుంటాం. అది ఇచ్చేది చిరునామా మాత్రమే. ఆ చిరునామాలో ఇల్లు ఉందో లేదో తలుపు తట్టినప్పుడు గానీ తేలదు.

## మెమరీ అడిగేటప్పుడు

మాలాక్‌కి సున్నా బైట్లు అడిగితే ఏమొస్తుంది? నల్ (ఏ చోటునీ చూపని ఖాళీ చిరునామా) వస్తే ఎర్రర్ అనుకోవాలా?

సి ప్రమాణం రెండింటికీ ఒప్పుకుంటుంది: నల్ రావచ్చు, ఫ్రీకి (మెమరీ తిరిగి ఇచ్చే ఫంక్షన్) ఇవ్వదగిన మామూలు పాయింటర్, అంటే చిరునామా, రావచ్చు. జీలిబ్‌సి రెండోది ఇస్తుంది. సున్నా అడిగినా వెనక 32 బైట్ల ముక్క ఖర్చవుతుంది. అయినా అందులో ఒక్క బైటు రాయడానికి కూడా మీకు హక్కు లేదు.

"నల్ వస్తే మెమరీ అయిపోయినట్టే, ప్రోగ్రామ్ ఆపెయ్" అని రాసిన కోడ్ మీ మిషన్‌లో బాగానే నడుస్తుంది. నల్ ఇచ్చే వేరే సిస్టమ్‌లో, ఒక్క రికార్డూ లేని ఖాళీ ఫైలు వచ్చిన రోజు ఆగిపోతుంది. సైజు సున్నా అవునో కాదో అడగకముందే చూసుకోండి.

లినక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) మాలాక్ బదులు వాడే కెమాలాక్ పద్ధతి ఇంకోలా ఉంటుంది. సున్నా అడిగితే 16 అనే చిరునామా ఇస్తుంది. అది నల్ కాదు, కానీ ముట్టుకుంటే వెంటనే పట్టుబడుతుంది. తిరిగి ఇవ్వడానికి మాత్రం పనికొస్తుంది.

రియాలాక్‌కి (తీసుకున్న ముక్క సైజు మార్చే ఫంక్షన్) సైజు సున్నా ఇస్తే ఫ్రీ చేసినట్టేనా?

జీలిబ్‌సిలో అవును, పాత ముక్కని విడుదల చేసి నల్ ఇస్తుంది. అన్నిచోట్లా అలా కాదు. సి23 ప్రమాణం వచ్చాక ఇది నిర్వచనం లేని ప్రవర్తన కిందికి వెళ్లిపోయింది, అంటే ఏం జరిగినా అడగడానికి లేదు. నల్ వచ్చింది కాబట్టి రియాలాక్ విఫలమైందనుకుని, పాత పాయింటర్‌ని శుభ్రంగా ఫ్రీ చేసే కోడ్‌లు చాలా ఉన్నాయి. అప్పుడు అదే ముక్క రెండోసారి విడుదలవుతుంది. విడుదల చేయాలనుకుంటే ఫ్రీ అనే రాయండి.

రియాలాక్ ఇచ్చినదాన్ని నేరుగా పాత పాయింటర్‌లోనే పెట్టుకుంటే తప్పేంటి?

విఫలమైతే నల్ వస్తుంది, పాత ముక్క మాత్రం అలాగే బతికి ఉంటుంది. దాని చిరునామా ఉన్న ఒక్క పాయింటర్ మీద మీరు నల్ రాసేశారు. ఇక ఆ ముక్కని వాడుకోనూ లేరు, విడుదల చేయనూ లేరు. ఫలితాన్ని వేరే పాయింటర్‌లోకి తీసుకుని, సరిగ్గా ఉందని చూశాకే పాతదాన్ని మార్చండి.

సక్సెస్ అయినప్పుడు ఇంకో చిక్కు ఉంది. ముక్క మొత్తం వేరే చోటికి మారిపోవచ్చు. పాత చోట లోపలి భాగాలకు పెట్టుకున్న పాయింటర్లన్నీ అప్పుడు చెల్లవు. పెరిగే బఫర్‌లో పాయింటర్లు దాచకుండా, మొదటి నుంచి ఎన్నో బైటు అనే అంకె దాచుకోవడం నాకు అలవాటు.

రికార్డుల సంఖ్యని ఒక్కో రికార్డు సైజుతో గుణించి మాలాక్‌కి ఇస్తున్నాను. ప్రమాదం ఉందా?

ఉంది, చాలా పెద్దది. 32 బిట్ సిస్టమ్‌లో సైజు 4,29,49,67,296 చేరగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఒక ఫైలు హెడర్‌లో రికార్డుల సంఖ్య 10,73,74,183 అని ఉందనుకోండి, ఒక్కోటి 40 బైట్లు. గుణిస్తే 4,29,49,67,320. చుట్టు తిరిగాక మిగిలేది 24. మాలాక్ 24 బైట్లు అడిగారనుకుని సంతోషంగా ఇచ్చేస్తుంది. తర్వాతి లూప్ ఆ 24 బైట్లలో పది కోట్ల రికార్డులు రాయడం మొదలుపెడుతుంది. ఆ హెడర్‌లో అంకె పెట్టింది మీరు కాదు, ఫైలు పంపినవాడు. అందుకే ఇది మామూలు బగ్‌తో ఆగదు, సెక్యూరిటీ సమస్య అవుతుంది.

64 బిట్‌లో ఉన్నాం కదా అని ధీమాగా ఉండకండి. రెండు ఇంట్‌లను గుణిస్తే గుణకారం 32 బిట్లలోనే జరిగి, ఆ తర్వాతే పెద్ద రకంలోకి మారుతుంది. సంఖ్య మైనస్ 1 అయితే మారినప్పుడు బ్రహ్మాండమైన అంకె అవుతుంది. దాన్ని మాత్రం జీలిబ్‌సి 2.30 నుంచి మాలాకే తిరస్కరిస్తుంది.

గుణకారం మీరు చేయకండి. కాలాక్‌కి రెండు అంకెలూ విడివిడిగా ఇవ్వండి, అది సరిచూసుకుంటుంది. పెంచుకోవడానికి రియాలాక్‌అర్రే ఉంది. ఓపెన్‌బీఎస్‌డీలో 2014లో వచ్చింది, జీలిబ్‌సిలోకి 2017లో 2.26తో చేరింది.

64 బైట్ల హద్దు మీద మొదలయ్యే మెమరీ కావాలి. మాలాక్ ఇస్తుందా?

మాలాక్ హామీ 16 బైట్ల వరకే. ఎలైన్డ్‌అలాక్ గానీ పోసిక్స్‌మెమ్‌అలైన్ గానీ వాడండి. ఈ రెండోది విఫలమైతే ఎర్రర్ కోడ్‌ని నేరుగా తిరిగి ఇస్తుంది, ఎర్‌నోలో (ఎర్రర్ నంబరు ఉండే వేరియబుల్) పెట్టదు. ఎర్‌నో చూసి అంతా బాగుందనుకునే కోడ్‌ని నేను రివ్యూలో ఒకటికి రెండుసార్లు పట్టుకున్నాను.

6 జీబీ ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తోంది, అయినా "మెమరీ లేదు" అనే ఎర్రర్ వస్తోంది. ఎలా?

ఆ ఎర్రర్‌కి ర్యామ్ అయిపోవడం ఒక కారణం మాత్రమే. మొదట ప్రాసెస్ హద్దు చూడండి. యూలిమిట్ అనే కమాండ్‌తో ఎవరైనా చిరునామాల పరిమితి పెట్టి ఉండొచ్చు. తర్వాత ఓవర్‌కమిట్ (ఉన్నదానికంటే ఎక్కువ మెమరీ ఇస్తానని మాటివ్వడం) సెట్టింగ్ 2లో ఉందేమో చూడండి. అందులో వాడకంతో సంబంధం లేకుండా ఇచ్చిన మాటలన్నీ లెక్కలోకి వస్తాయి.

ఎక్కువమంది మర్చిపోయే మూడోది మ్యాపుల సంఖ్య. ఒక ప్రాసెస్ పెట్టుకోగల మెమరీ ప్రాంతాలు చాలాకాలంగా డిఫాల్ట్‌గా 65,530. ఒక్కో థ్రెడ్ (ప్రాసెస్‌లో సమాంతరంగా నడిచే పని) తన స్టాక్‌కి (ఫంక్షన్ల లోకల్ వేరియబుల్స్ ఉండే చోటు) ఒకటి, దాని కింద కాపలా పేజీకి ఒకటి, రెండు ప్రాంతాలు తీసుకుంటుంది. అంటే 32 వేల థ్రెడ్ల దగ్గర గోడ తగులుతుంది, ర్యామ్ ఎంతున్నా సరే. ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ మ్యాప్స్ ఫైలుకి ఎన్ని లైన్లున్నాయో లెక్కపెట్టండి, విషయం అక్కడే తేలిపోతుంది.

## ఇచ్చిన మెమరీని వాడేటప్పుడు

8 జీబీ ర్యామ్, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు) లేదు. 4 జీబీ చొప్పున 5 సార్లు అడిగితే ఐదూ ఇచ్చింది. ఇదెలా సాధ్యం?

ఊళ్లో పెళ్లి భోజనాలు గుర్తుచేసుకోండి. బంతికి 200 ఆకులు పట్టే పందిట్లో వెయ్యి మందిని పిలుస్తాం. అందరూ ఒకే బంతికి కూర్చోరని, కొందరు అక్షింతలు వేసి వెళ్లిపోతారని మనకు తెలుసు. కెర్నల్ కూడా అదే నమ్మకంతో పిలుపులు పంచుతుంది. దీన్ని ఓవర్‌కమిట్ అంటారు.

మాలాక్ పెద్ద ముక్క అడిగినప్పుడు కెర్నల్ "ఈ చిరునామాలు వీడివి" అని రాసుకుంటుంది, అంతే. మెమరీ 4,096 బైట్ల పేజీలుగా ఉంటుంది. మీరు ఒక పేజీలో మొదటిసారి ఏదైనా రాసిన క్షణంలో పేజ్ ఫాల్ట్ వస్తుంది, అప్పుడే నిజమైన ర్యామ్ పేజీ ఒకటి వెతికి అక్కడ తగిలిస్తుంది. రాయకుండా చదివితే ఆ ఖర్చు కూడా ఉండదు, అందరికీ ఉమ్మడిగా ఉన్న ఒక సున్నాల పేజీని చూపిస్తుంది.

చేసి చూడండి. ఐదు ముక్కలు అడిగి ఏమీ రాయకుండా నిద్రపుచ్చిన ప్రోగ్రామ్‌ని టాప్ కమాండ్‌లో చూస్తే వర్చువల్ సైజు 20 జీబీ దాటుతుంది, ర్యామ్‌లో ఉన్నది ఒకట్రెండు ఎంబీలే. ఇప్పుడు పేజీకి ఒక బైటు చొప్పున రాసుకుంటూ పొండి. ర్యామ్ అంకె పెరుగుతూ పెరుగుతూ 8 జీబీ దగ్గరికి రాకముందే ప్రాసెస్ చస్తుంది. అప్పుడు నల్ రాదు, ఎర్రర్ రాదు. మామూలుగా ఒక వేరియబుల్‌కి విలువ ఇచ్చే లైనులోనే చస్తుంది. సొంత ల్యాప్‌టాప్‌లో, మిగతా పనులన్నీ సేవ్ చేసుకుని చేయండి.

అదే 20 జీబీని ఒకేసారి అడిగితే మాత్రం డిఫాల్ట్ సెట్టింగ్‌లో నల్ వస్తుంది. ర్యామ్, స్వాప్ కలిపినా చాలనిది ఒక్క కోరికలోనే ఉంటే కెర్నల్ కాదంటుంది.

అలాగైతే నల్ వచ్చిందా అని చెక్ చేయడం దండగే కదా?

కాదు. ఈ మాట ఎవరన్నా నేను గట్టిగానే వాదిస్తాను. యూలిమిట్ పెట్టిన చోట నల్ వస్తుంది. ఓవర్‌కమిట్ 2లో వస్తుంది. సైజు లెక్క తప్పి అసాధ్యమైన అంకె వెళ్తే వస్తుంది. విండోస్ ఇచ్చిన మాటకి ర్యామ్ గానీ పేజ్‌ఫైల్ గానీ వెనక ఉండేలా చూసుకుంటుంది కాబట్టి అక్కడా వస్తుంది.

"చెక్ చేయకపోతే ఎలాగూ సెగ్‌ఫాల్ట్ (తనది కాని చోటు ముట్టుకుంటే వచ్చే ఎర్రర్) వచ్చి ఆగిపోతుంది" అనే వాదన కూడా నిలవదు. లినక్స్‌లో సాధారణంగా మొదటి 65,536 బైట్ల చిరునామాలే ఖాళీగా ఉంచుతారు. నల్ మొదలుగా ఉన్న అర్రేలో పది లక్షలవ ఎలిమెంట్‌కి రాస్తే అది నిజంగా వాడుకలో ఉన్న చోటు మీద పడొచ్చు. లైబ్రరీ రాస్తుంటే ఎర్రర్‌ని పిలిచినవాళ్లకి అందించండి. సొంత అప్లికేషన్ అయితే, నల్ వస్తే లాగ్ చేసి ఆపేసే చిన్న ఫంక్షన్ ఒకటి పెట్టుకుని అన్నిచోట్లా దాన్నే పిలవడం నాకు సమంజసంగానే అనిపిస్తుంది.

ఓవర్‌కమిట్ సెట్టింగ్ 0, 1, 2లో ఏది పెట్టాలి?

0 డిఫాల్ట్, మరీ అసాధ్యమైనది తప్ప అన్నీ ఇస్తుంది. 1 అయితే దేనికీ కాదనదు. 2 లెక్క ప్రకారం ఇస్తుంది: స్వాప్ మొత్తం, దానికి ర్యామ్‌లో సగం కలిపి ఆ హద్దు దాటనివ్వదు.

ఆ సగం అనేదే కొంప ముంచుతుంది. 8 జీబీ ర్యామ్, 2 జీబీ స్వాప్ ఉంటే హద్దు 6 జీబీ. ఇంకా ర్యామ్ ఉండగానే మెమరీ లేదంటుంది. 2 పెట్టేవాళ్లు ఆ నిష్పత్తిని కూడా పెంచుకోవాలి. మెమ్‌ఇన్ఫో ఫైలులో కమిట్ లిమిట్, కమిటెడ్ ఏఎస్ అనే రెండు లైన్లని ముందు వారం రోజులు గమనించి అప్పుడు మార్చండి.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఒక్కటే నడిచే మిషన్‌కి 2 మంచిది, వాళ్ల డాక్యుమెంటేషన్ కూడా అదే సూచిస్తుంది. రెడిస్ డేటాబేస్ 1 పెట్టమంటుంది. డేటాని డిస్క్‌కి రాసేటప్పుడు అది ఫోర్క్ చేస్తుంది, అంటే తన నకలు ప్రాసెస్ ఒకటి పుట్టిస్తుంది. పిల్ల ప్రాసెస్‌కి తల్లి మెమరీ అంతా కాగితం మీద మళ్లీ లెక్క పడుతుంది, నిజానికి మారిన పేజీలే కాపీ అయినా కూడా. తక్కిన మిషన్లన్నిటిలో 0నే ఉంచండి.

## తిరిగి ఇచ్చేటప్పుడు

అంతా ఫ్రీ చేశాను, అయినా ప్రాసెస్ వాడే ర్యామ్ తగ్గలేదు. లీకేనా (తిరిగి ఇవ్వడం మర్చిపోయిన మెమరీ)?

ముందు ఒక పరీక్ష. అదే పనిని పదిసార్లు వరసగా చేయించండి. రెండు మూడుసార్లకి అంకె పెరగడం ఆగిపోతే అది లీక్ కాదు. ప్రతిసారీ అంతే పెరుగుతూ పోతే లీకే.

లీక్ కానప్పుడు జరిగేది ఇది. ఫ్రీ చేసిన ముక్క తిరిగి వెళ్లేది లైబ్రరీకి, కెర్నల్‌కి కాదు. మళ్లీ అడుగుతారేమోనని లైబ్రరీ దాన్ని దగ్గరే ఉంచుకుంటుంది. 128 కేబీ దాటిన ముక్కలు మొదట్లో విడిగా ఎమ్‌మ్యాప్ ద్వారా నేరుగా కెర్నల్ నుంచి వస్తాయి, ఫ్రీ చేయగానే వెళ్లిపోతాయి. అయితే అలాంటిదొకటి ఫ్రీ అయ్యాక జీలిబ్‌సి ఆ హద్దుని తనంతట తానే పెంచుకుంటుంది, 32 ఎంబీ వరకు. చిన్న ముక్కలు ఉండే హీప్ పై నుంచి మాత్రమే కుంచించుకుంటుంది. అన్నిటికంటే పైన 40 బైట్ల ముక్క ఒకటి బతికి ఉంటే కింద ఉన్న ఖాళీ అంతా దానికోసం ఆగుతుంది. మాలాక్‌ట్రిమ్‌ని పిలిస్తే మధ్యలో పూర్తిగా ఖాళీ అయిన పేజీలు కూడా వెనక్కి వెళ్తాయి.

థ్రెడ్లు ఎక్కువుంటే ఇంకో సంగతి. లాకుల కోసం థ్రెడ్లు కొట్టుకోకుండా జీలిబ్‌సి వాటికి వేర్వేరు అరీనాలు (విడి మెమరీ నిల్వలు) ఇస్తుంది, కోర్‌కి 8 వరకు. 16 కోర్ల మిషన్‌లో 128 అరీనాలు. ఒక్కోదాంట్లో కొంచెం కొంచెం ఖాళీ మిగిలినా మొత్తం చాలా అవుతుంది. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట, లీక్ ఉందన్న నమ్మకంతో ఒక సర్వీస్‌ని రోజూ తెల్లవారుజామున 3 గంటలకి రీస్టార్ట్ చేసేవాళ్లు. నెలల తరబడి అలాగే నడిచింది. లీకులు వెతికే వ్యాల్‌గ్రిండ్ టూల్‌లో ఒక్క బైటు లీక్ కూడా కనబడలేదు. మాలాక్ అరీనా మాక్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 2 చేసి చూశాం. మరునాడు రీస్టార్ట్ అవసరం రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు. వేగం ఏమైనా తగ్గిందేమో కొలిచి చూసుకున్నాకే ఈ మార్పు చేయండి.

ఒకే పాయింటర్‌ని రెండుసార్లు ఫ్రీ చేస్తే ఒక్కోసారి క్రాష్ అవుతోంది, ఒక్కోసారి కావడం లేదు. ఎందుకు?

రెండు ఫ్రీలూ వెంటవెంటనే జరిగితే జీలిబ్‌సి చాలాసార్లు పట్టుకుని ప్రోగ్రామ్‌ని ఆపేస్తుంది. మధ్యలో ఎవరో మాలాక్ చేస్తే ఆ ముక్క వాళ్లకి వెళ్లిపోయి ఉంటుంది. మీ రెండో ఫ్రీ వాళ్ల మెమరీని విడుదల చేస్తుంది. పట్టుకోవడానికి లైబ్రరీకి ఏ ఆధారమూ ఉండదు. క్రాష్ వచ్చేది ఇంకెప్పుడో, సంబంధం లేని ఫంక్షన్‌లో.

ఫ్రీ చేశాక పాయింటర్‌ని నల్ చేయడం మంచి అలవాటే, నల్‌ని ఫ్రీ చేస్తే ఏమీ జరగదు కాబట్టి. కానీ అదే చిరునామా ఇంకో వేరియబుల్‌లో ఉంటే దాన్ని అది కాపాడదు. మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో కంపైల్ చేసి మీ టెస్టులన్నీ ఒకసారి నడపండి. మొదటి ఫ్రీ ఎక్కడ, రెండోది ఎక్కడ, లైన్ నంబర్లతో సహా చూపిస్తుంది.

ప్రోగ్రామ్ అయిపోయే ముందు అన్నీ ఫ్రీ చేయాలా?

అవసరం లేదు. ప్రాసెస్ పోగానే కెర్నల్ దాని పేజీలన్నీ తీసేసుకుంటుంది. ర్యామ్‌లోనే ఉండే డెవ్ ఎస్‌హెచ్‌ఎమ్ డైరెక్టరీలో పెట్టిన ఫైళ్లు, సిస్టమ్ ఫైవ్ షేర్డ్ మెమరీ మాత్రం మీరు తీసేదాకా ఉంటాయి.

## మెమరీ అయిపోయినప్పుడు

నా ప్రాసెస్ ఒక్క మాట కూడా లేకుండా మాయమైంది. నా లాగ్‌లో ఏమీ లేదు. ఏం జరిగింది?

చాలావరకు ఓఓఎమ్ కిల్లర్ (మెమరీ అయిపోతే ప్రాసెస్‌ని చంపే కెర్నల్ భాగం) పని. అది పంపేది సిగ్‌కిల్, 9వ నంబరు సిగ్నల్. దాన్ని ఏ ప్రాసెస్సూ పట్టుకోలేదు, చివరి మాట రాసుకునే అవకాశం ఉండదు. ఎగ్జిట్ కోడ్ 137 కనిపిస్తే అర్థం 128కి 9 కలిపారని. సాక్ష్యం కెర్నల్ లాగ్‌లో ఉంటుంది, డీమెసేజ్ కమాండ్‌తో చూడండి.

ఆ రిపోర్టు చదవడంలో ఇద్దరిలో ఒకరు పొరబడతారు. మొదటి లైనులో "ఓఓఎమ్ కిల్లర్‌ని పిలిచింది" అని ఒక ప్రాసెస్ పేరు ఉంటుంది. అది దోషి కావాలని లేదు, బలి అయిందీ అది కాకపోవచ్చు. పేజీ దొరకని క్షణంలో అడుగుతున్నది అదీ, అంతే. కింద ప్రాసెస్‌ల పట్టిక వస్తుంది. అందులో ఆర్‌ఎస్‌ఎస్ (ర్యామ్‌లో ఉన్న భాగం) కాలమ్ కేబీల్లో ఉండదు, పేజీల్లో ఉంటుంది. 15,00,000 అని ఉంటే అది ఒకటిన్నర జీబీ కాదు, 4తో గుణించుకోవాలి, దాదాపు 6 జీబీ. చివరి లైనులో చంపిన ప్రాసెస్ పక్కన ఉన్న అంకెలు మాత్రం కేబీలే. ఒకే రిపోర్టులో రెండు కొలతలు. అర్ధరాత్రి నిద్రమత్తులో చూస్తే తప్పకుండా తప్పు దోవ పట్టిస్తాయి.

మెమరీ తినేసింది ఒక ప్రాసెస్, చచ్చింది డేటాబేస్. ఎలా ఎంచుకుంటుంది?

తప్పెవరిదని అది చూడదు. ఎవరిని చంపితే ఎక్కువ మెమరీ తిరిగొస్తుందో చూస్తుంది. ర్యామ్‌లో ఉన్న పేజీలు, స్వాప్‌లో ఉన్నవి, పేజ్ టేబుళ్లు కలిపి లెక్క కడుతుంది. డేటాబేస్ ఎప్పుడూ లావుగానే ఉంటుంది కాబట్టి వేటు దానిమీదే పడుతుంది.

ఓఓఎమ్ స్కోర్ అడ్జ్ అనే అంకెతో మీరు మొగ్గు మార్చొచ్చు. మైనస్ 1000 నుంచి 1000 వరకు ఉంటుంది. మైనస్ 1000 అంటే అసలు ముట్టుకోవద్దని. ఫోర్క్ చేసిన పిల్లలకి కూడా ఈ అంకె వారసత్వంగా వస్తుందని గుర్తుంచుకోండి. ముఖ్యమైనవన్నీ మైనస్ 1000 చేయాలనిపిస్తుంది, చేయకండి. చంపడానికి ఎవరూ మిగలకపోతే కెర్నల్ పానిక్ అయి మిషన్ మొత్తం పోతుంది. డేటాబేస్‌కి మైనస్ 500 లాంటిది ఇచ్చి, పోయినా పర్లేదనుకునే బ్యాచ్ పనులకి ప్లస్ 500 ఇవ్వండి.

మెమరీ అయిపోతే చంపుతుందన్నారు. నా మిషన్ చంపదు, అరగంట బిగుసుకుపోతుంది. మౌస్ కూడా కదలదు.

కెర్నల్ దృష్టిలో మెమరీ ఇంకా అయిపోలేదు. నడుస్తున్న ప్రోగ్రామ్‌ల కోడ్ కూడా డిస్క్ మీద ఫైలు నుంచి వచ్చిందే. ర్యామ్ ఇరుకైతే ఆ పేజీలని పారేయొచ్చు, కావాలంటే మళ్లీ చదువుకోవచ్చు. దాంతో బ్రౌజర్ కోడ్ పేజీని పారేస్తుంది, మరుక్షణం బ్రౌజర్‌కి అదే కావాలి, డిస్క్ నుంచి తెస్తుంది, దానికి చోటు కోసం ఇంకోదాన్ని పారేస్తుంది. ఎప్పుడూ ఏదో ఒక పేజీ దొరుకుతూనే ఉంది కాబట్టి ఓఓఎమ్ కిల్లర్‌ని పిలవదు. స్వాప్ తీసేస్తే ఈ బాధ తప్పుతుందని చాలామంది నమ్ముతారు. తప్పదు, పైగా వాడని డేటా పేజీలని పంపే చోటు లేక కోడ్ పేజీల మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

లినక్స్ 4.20, అంటే 2018 చివర్లో వచ్చిన వెర్షన్ నుంచి పీఎస్ఐ అనే కొలత ఉంది. మెమరీ కోసం ఎదురుచూస్తూ పనులు ఎంత శాతం సమయం ఆగిపోయాయో చెబుతుంది. సిస్టమ్‌డీ ఓఓఎమ్‌డీ అనే సర్వీస్ దాన్ని చూసి, మిషన్ బిగుసుకోకముందే ఒకదాన్ని చంపుతుంది. ఎర్లీఓఓఎమ్ ఖాళీ మెమరీ శాతాన్ని చూసి అదే పని చేస్తుంది. ఫోన్‌లో వెనకాల ఉన్న యాప్‌లు వాటంతటవే మూసుకుపోవడం చూసే ఉంటారు, ఆండ్రాయిడ్‌లో ఎల్ఎమ్‌కేడీ చేసేది ఇలాంటి పనే. 4 జీబీ ల్యాప్‌టాప్‌తో చదువుకునే పిల్లలకి నేను చెప్పేది జీర్యామ్ (ర్యామ్‌లోనే కుదించి దాచే స్వాప్) పెట్టుకోమని, దాంతోపాటు ఎర్లీఓఓఎమ్ ఇన్‌స్టాల్ చేసుకోమని. ఈ రెండూ చేశాక మళ్లీ ఫిర్యాదు చేసినవాళ్లు తక్కువ.

మాలాక్ కాదు, నల్ కాదు, "బస్ ఎర్రర్" వస్తోంది. అదేంటి?

మ్యాప్ చేసిన ఫైలు వెనక నిజంగా చోటు లేనప్పుడు వచ్చే సిగ్నల్ సిగ్‌బస్. ఫైలుని ఇంకెవరో కత్తిరించి ఉండొచ్చు, డిస్క్ నిండి ఉండొచ్చు. ఎక్కువగా కనిపించేది డాకర్ కంటైనర్లలో. అక్కడ డెవ్ ఎస్‌హెచ్‌ఎమ్ సైజు డిఫాల్ట్‌గా 64 ఎంబీ. పైటార్చ్‌లో డేటా లోడర్‌కి వర్కర్లు పెంచినప్పుడు, కంటైనర్‌లో క్రోమ్ నడిపినప్పుడు అది ఇట్టే నిండిపోతుంది. షేర్డ్ మెమరీ సైజు పెంచి కంటైనర్ మొదలుపెట్టండి. సొంతంగా ఫైలు మ్యాప్ చేసే కోడ్ అయితే పోసిక్స్ ఎఫ్‌అలొకేట్‌తో చోటు ముందే రిజర్వ్ చేసుకోండి. లేదని చెప్పడానికి అక్కడ మామూలు ఎర్రర్ వస్తుంది.

స్టాక్ నిండితే నల్ లాంటిది ఏమైనా వస్తుందా?

రాదు, నేరుగా సెగ్‌ఫాల్ట్. మెయిన్ థ్రెడ్‌కి సాధారణంగా 8 ఎంబీ. ఆల్పైన్ లినక్స్ ఇమేజ్‌లో వాడే మజల్ లైబ్రరీ కొత్త థ్రెడ్లకి డిఫాల్ట్‌గా ఇచ్చేది 128 కేబీ మాత్రమే. ఉబుంటులో నడిచిన రికర్షన్ ఆల్పైన్‌లో పడిపోతే మొదట ఇదే చూడండి.

## కంటైనర్లలో

హోస్ట్‌లో (కంటైనర్ నడిచే అసలు మిషన్) 40 జీబీ ఖాళీ ఉంది, నా కంటైనర్ మాత్రం చస్తోంది. పైగా కంటైనర్ లోపల ఫ్రీ కమాండ్ కూడా ఖాళీ ఉందనే చెబుతోంది.

ఫ్రీ కమాండ్ చదివే మెమ్‌ఇన్ఫో ఫైలు హోస్ట్ అంకెలే చూపిస్తుంది, కంటైనర్‌లో ఉన్నా సరే. మీ అసలు హద్దు సీగ్రూప్‌లో (ప్రాసెస్‌ల గుంపుకి హద్దులు పెట్టే కెర్నల్ సదుపాయం) మెమరీ మాక్స్ అనే ఫైలులో ఉంటుంది. ఆ హద్దు తగిలితే మాలాక్ నల్ ఇవ్వదు. పేజీని ముట్టుకున్నప్పుడు మొదట కంటైనర్ చదివిన ఫైళ్ల క్యాష్‌ని తగ్గించి చూస్తుంది, చాలకపోతే ఆ సీగ్రూప్ లోపలే ఎవరినో చంపుతుంది. మెమరీ ఈవెంట్స్ ఫైలులో ఓఓఎమ్ కిల్ అంకె పెరిగిందంటే అనుమానం అక్కర్లేదు. టీఎమ్‌పీఎఫ్ఎస్‌లో (ర్యామ్‌లోనే ఉండే ఫైల్ సిస్టమ్) రాసిన ఫైళ్లు కూడా మీ ఖాతాలోనే పడతాయి, టెంప్ డైరెక్టరీ అలా మౌంట్ అయి ఉందేమో చూసుకోండి.

జావా వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. జావా 10 నుంచి, జావా 8లో అయితే 8యూ191 నుంచి, జేవీఎమ్ (జావా ప్రోగ్రామ్‌లని నడిపే ఇంజిన్) కంటైనర్ హద్దుని చూస్తుంది. హీప్‌కి డిఫాల్ట్‌గా దాంట్లో నాలుగో వంతు తీసుకుంటుంది. అది చాలదని హీప్‌ని కంటైనర్ హద్దుతో సమానంగా పెట్టేస్తుంటారు. హీప్ కాకుండా మెటాస్పేస్, థ్రెడ్ స్టాకులు, డైరెక్ట్ బఫర్లు, జిట్ కోడ్ ఎక్కడికి పోతాయి? 2 జీబీ కంటైనర్‌కి నేను హీప్ 1.2 జీబీ దగ్గర మొదలుపెట్టి, కొలిచి పెంచుతాను.

## కెర్నల్ లోపల

కెర్నల్ లాగ్‌లో "పేజ్ అలొకేషన్ ఫెయిల్యూర్, ఆర్డర్ 4" అని వచ్చింది. 2 జీబీ ఖాళీగా ఉందే?

ఆర్టీసీ బస్సులో పది సీట్లు ఖాళీగా ఉన్నా, అన్నీ విడివిడిగా ఉంటే నలుగురున్న కుటుంబం కలిసి కూర్చోలేదు. ఇక్కడా అంతే. ఆర్డర్ 4 అంటే పక్కపక్కనే ఉన్న 16 పేజీలు, 64 కేబీ. ఖాళీ ఉన్నది విడి పేజీల్లో. బడ్డీఇన్ఫో ఫైలులో ఒక్కో సైజుకి ఎన్ని ముక్కలున్నాయో వరసగా కనిపిస్తుంది. ఎడమ కాలమ్‌లలో వేలు, కుడివైపు సున్నాలు ఉంటే మెమరీ ముక్కలైపోయినట్టు.

ఆర్డర్ 3 వరకు, అంటే 32 కేబీ దాకా, కెర్నల్ ఎలాగోలా సంపాదించి పెట్టాలని చూస్తుంది. అది దాటితే కష్టమైన కోరిక కింద లెక్క, తొందరగా చేతులెత్తేస్తుంది. మీరే డ్రైవర్ రాస్తుంటే భౌతికంగా పక్కపక్కనే ఉండాల్సిన అవసరం నిజంగా ఉందా అని ఆలోచించండి. లేకపోతే కేవీమాలాక్ వాడండి, అది మొదట కలిసి ఉన్నవాటికి ప్రయత్నించి, దొరక్కపోతే విడి పేజీలని వరస చిరునామాలుగా కూర్చి ఇస్తుంది.

నెట్‌వర్క్ డ్రైవర్ నుంచి ఆర్డర్ 0 ఫెయిల్యూర్ కూడా వస్తోంది. భయపడాలా?

ఎప్పుడో ఒకసారి అయితే వద్దు. ఇంటరప్ట్‌లో (హార్డ్‌వేర్ పిలుపుకి జవాబిస్తూ) ఉన్న కోడ్ నిద్రపోకూడదు, పాత పేజీలు ఖాళీ చేసేదాకా ఆగలేదు. జీఎఫ్‌పీ అటామిక్ అనే ఫ్లాగ్‌తో అడిగితే ఉన్న నిల్వలోంచి ఇవ్వాలి, లేకపోతే లేదనాలి. ఆ ప్యాకెట్ పోతుంది, టీసీపీ మళ్లీ పంపుతుంది. నిమిషానికి పదులకొద్దీ వస్తుంటే మిన్ ఫ్రీ కేబైట్స్ అనే సెట్టింగ్ కొంచెం పెంచి చూడండి.

## పరీక్షించేటప్పుడు

మెమరీ దొరకని దారులన్నీ టెస్ట్ చేయడం ఎలా? నిజంగా ర్యామ్ నింపాలా?

నింపకండి, అలా నింపితే ఎక్కడ విఫలమవుతుందో మీ చేతిలో ఉండదు. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ వాళ్లు చేసే పద్ధతి నాకు చాలా ఇష్టం. వాళ్ల టెస్టుల్లో మాలాక్ స్థానంలో సొంతది పెడతారు. మొదటిసారి నడిపినప్పుడు మొదటి కోరికనే కాదంటుంది. రెండోసారి రెండోదాన్ని, మూడోసారి మూడోదాన్ని. ఒక్కటీ విఫలం కాకుండా పని పూర్తయ్యేదాకా ఆ లూప్ తిరుగుతుంది. మీ ప్రోగ్రామ్‌కి కూడా ఇలాంటిది ప్రీలోడ్ లైబ్రరీగా (మిగతావాటికంటే ముందు లోడ్ అయ్యేది) యాభై లైన్లలో రాసుకోవచ్చు. కెర్నల్ కోడ్‌కి ఫెయిల్‌స్లాబ్ అనే సదుపాయం ఉంది. కంటైనర్ హద్దు దగ్గర ఏమవుతుందో చూడాలంటే సిస్టమ్‌డీ రన్‌తో మెమరీ మాక్స్ పెట్టి నడపండి.

నేను రాసిన కోడ్‌లో ఈ లూప్ మొదటిసారి నడిపినప్పుడు పన్నెండో కోరిక దగ్గరే పడిపోయింది. తప్పు ఎర్రర్ చూసుకునే చోటే ఉంది. "మెమరీ లేదు" అనే సందేశాన్ని తయారుచేయడానికి నా లాగింగ్ ఫంక్షన్ 256 బైట్లు మాలాక్ చేస్తోంది, దాని ఫలితాన్ని నేను చెక్ చేయలేదు. ఇప్పుడు ఆ బఫర్‌ని ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడే తీసుకుని, అప్పుడే సున్నాలు రాసి ఉంచుతున్నాను.